కుర్చీ దిగాక

చి.సౌ. అమ్మాయిని మేనత్త దీవించి రాయునది. మీ మావయ్య రాత్రిళ్లు కల్లం దగ్గరే పడుకుంటున్నాడు, మిరపకాయలు ఇంకా ఎండాలి.

శివరాత్రికి బుడ్డోణ్ణి తీసుకుని కోటప్పకొండ తిరునాళ్లకు వస్తానన్నావు. వాడు దొడ్డికి ఇంట్లో ఆ ప్లాస్టిక్ కుర్చీ మీద తప్ప ఎక్కడా కూర్చోవడం లేదని, బయటికెళ్తే బిగపట్టుకుంటున్నాడని, డయపర్ వేసి తీసుకురానా అని అడిగావు. ఫోనులో తేలే మాట కాదని రాస్తున్నాను. అంగన్‌వాడీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లో సగం మంది పిల్లల్ని కడిగినదాన్ని కాబట్టి కాస్త విను.

వాడు అలవాటు పడింది ఆ కుర్చీకి, ఆ మూలకి, గోడ మీద అతికించిన ఏనుగు బొమ్మకి. బస్టాండులో అవేవీ ఉండవు. పైగా నువ్వు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని "త్వరగా కానీ, ఏదీ ముట్టుకోకు" అంటావు. రెండున్నరేళ్ల వాడికి మురికి గురించి ఏం తెలుసు? అమ్మ మొహం మారిందని తెలుస్తుంది, అంతే, ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అక్కడ నీ మొహం ఇంట్లో ఉన్నట్టే ఉండాలి. మిగతా ఉపాయాలన్నీ దాని తర్వాతే.

శివరాత్రి దాకా టైముంది. ఈలోగా చోట్లు మార్చు. ముందు కుర్చీని బాత్రూములోకి జరుపు. తర్వాత కమోడ్ మీద పిల్లల సీటు వేసి కూర్చోబెట్టు, కాళ్ల కింద పీట మర్చిపోకు. పాదాలకి ఆనుడు లేకపోతే పిల్లలు ముక్కలేరు. అదయ్యాక పక్కింటి వాళ్లది, పార్కులోది, జనం లేని వేళ మాల్‌లోది చూపించు. ఊరికే లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని వచ్చేసినా చాలు. ఆ మాల్స్‌లో మనిషి కాస్త కదిలితే దానంతటదే నీళ్లు వదిలే ఫ్లష్ ఉంటుందే, దాని కన్ను మీద చిన్న కాగితం ముక్క అతికించు. పిల్లలు హడలిపోయేది చాలాసార్లు ఆ చప్పుడుకే. చేతులారబెట్టే మిషనూ అంతే, రుమాలు తీసుకెళ్లు.

మన వైపు బస్టాండ్లలో ఎక్కువగా ఉండేవి నేలదొడ్లు. 2014లో స్వచ్ఛ భారత్ వచ్చాక పన్నెండు వేల సాయంతో ఊళ్లలో కట్టుకున్నవీ ఎక్కువ అవే. గొంతుకూర్చోవడం వాడికి కొత్తేమీ కాదు, బొమ్మలతో ఆడేటప్పుడు చూడు. చిక్కల్లా ఆ పాదాల అచ్చులతోనే, అవి పెద్దవాళ్ల కొలతకి పోసినవి. వాడి కాళ్లు అంత ఎడం చాపితే గోతిలో పడిపోతాననుకుంటాడు. వాడికి ప్యాంటు పూర్తిగా విప్పెయ్యి, మోకాళ్ల దాకా దించితే తడిసేది అదే. నువ్వు వెనక గొంతుకూర్చుని, వాడి వీపు నీకు ఆనించుకుని, తొడల కింద చేతులు వేసి పట్టుకో. మీ నాయనమ్మ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, నిన్ను తన పాదాల మీద కూర్చోబెట్టుకునేది. నువ్వేనాడూ బెదరలేదు. వెనక మనిషి ఒళ్లు తగులుతుంటే చాలు పిల్లలకి.

ఇక బిగపట్టే సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఆపుకున్న కొద్దీ మలం గట్టిపడుతుంది, వచ్చేటప్పుడు నొప్పెడుతుంది, ఆ నొప్పి గుర్తుండి మళ్లీ ఆపుకుంటాడు. చాలా ఇళ్లల్లో పిల్లాడు మొండికేశాడని కొట్టేది ఇక్కడే. అరటిపండు, సపోటా, పప్పు, ఆకుకూరలు పెట్టు, నీళ్లు బాగా తాగించు. తిన్న పావుగంటకో ఇరవై నిమిషాలకో పేగు దానంతటదే కదులుతుంది కాబట్టి టిఫిను పెట్టాక కూర్చోబెట్టు, ఆకలి మీద కాదు. వారం దాటినా గట్టిగానే వస్తుంటే, రక్తపు చార కనిపిస్తే, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లు.

ప్రయాణంలో మాటిమాటికీ దిగాల్సొస్తుందని నీళ్లు తగ్గించే తల్లులున్నారు. అది మాత్రం చెయ్యకు. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది, ఆ పైన మన పల్నాటి ఎండ సంగతి నీకు తెలుసు, వేసవి వస్తే రెంటచింతల పేరు పేపర్లోకెక్కుతుంది. ఈ వయసు పిల్లల మూత్రాశయంలో పట్టేది సుమారు 135 మిల్లీలీటర్లని డాక్టర్లు లెక్క కడతారు, అంటే టీ గ్లాసుడు. గంటన్నరకోసారి నువ్వే తీసుకెళ్లు. "వస్తోందా?" అని అడిగితే లేదంటాడు. "పద, వెళ్లొద్దాం" అను.

డయపర్ అంటావా, బండిలో నిద్రపోతే వెయ్యి, తప్పులేదు. మెలకువగా ఉన్నంతసేపు వద్దు. రోడ్డు పక్కన కూర్చోబెట్టడం నాకిష్టం లేదు గానీ, బస్సు ఎక్కడా ఆగని చోట పిల్లాడు ఏడుస్తుంటే ఎవరి శాస్త్రమూ పనికిరాదు. కారులో వస్తే మాత్రం హైవే మీద పెట్రోలు బంకులున్నాయి, టోల్‌గేట్ల దగ్గర దొడ్లున్నాయి.

రైలైతే నయం. సికింద్రాబాద్ నుంచి తిరుపతి వెళ్లే వందే భారత్ 2023 ఏప్రిల్ నుంచి గుంటూరు, ఒంగోలు మీదుగా నడుస్తోంది. అందులో దొడ్డి శుభ్రంగానే ఉంటుంది గానీ నీళ్లు గాలితో కలిపి బుస్సుమని లాగేస్తుంది. వాణ్ణి బయట మీ ఆయన చేతికిచ్చి, తర్వాత నువ్వు మీట నొక్కు. అసలు ఈ పనంతా నీ ఒక్కదానిదే అన్నట్టు రాశావు. మగపిల్లాడు, ఇంకో రెండేళ్లకి మగవాళ్ల వైపే వెళ్లాలి. మీ ఆయన ఇప్పటినుంచే తీసుకెళ్లడం మొదలుపెట్టాలి, ఈ ముక్క నేను చెప్పానని చెప్పు.

ఇక్కడికి వచ్చాక ఒకటి. కల్లంలో కాయలు ముట్టుకున్న చేత్తో వాణ్ణి కడగకు. మిరప ఘాటు ఉత్త నీళ్లకి పోదు, చేతులకి వంటనూనె రాసి తుడిచి, ఆ పైన సబ్బుతో కడుక్కోవాలి. కోతలప్పుడు తల్లులకి ఈ సంగతి తెలియక పసివాళ్లు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. పత్తి చేల వైపు తీసుకెళ్తే చెంబు మనింటి నుంచే తీసుకెళ్లు. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాని చెంబు కింద వాడేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎంత కడిగినా దానితో పిల్లల్ని కడగకూడదు. దొడ్లోకి వాడికి చెప్పులు తప్పనిసరి, కొంకిపురుగు పాదాల్లోంచే ఎక్కుతుంది. ఫిబ్రవరి 10న అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు, ఏడాది దాటిన ప్రతి పిల్లాడికీ. మీ పేటలో వేయించు, చిన్నవాడు కాబట్టి బిళ్ల పొడి చేసి ఇమ్మను.

తిరునాళ్లలో దొడ్ల దగ్గర వరసలు చాంతాడంత ఉంటాయి. అందుకని పొద్దున్నే టిఫిను పెట్టి, మనింట్లోనే పని కానిచ్చి కొండకి బయల్దేరదాం. ప్రభలు చూడ్డానికి సాయంత్రం మళ్లీ వెళ్లొచ్చు.

కుర్చీ కూడా తెచ్చుకో, ఇక్కడ దొడ్లో ఒక పక్కన పెడదాం. వాడు అడిగితే ఇద్దాం, అడక్కపోతే వెళ్లేటప్పుడు మా పక్కింటి చంటిదానికి ఇచ్చేసి వెళ్లు. టిక్కెట్లు ఖాయమయ్యాక ఫోను చెయ్యి, గుంటూరు స్టేషనుకి మీ మావయ్య వస్తాడు.

ఇట్లు,
మీ అత్త