కంప్యూటర్ కూర్పు

పాఠం ఉద్దేశం: పరిమితమైన ధనంతో ఇంటికి కావలసిన డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను విడిభాగాలుగా కొని కూర్చుకొనేటప్పుడు పాటించవలసిన వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం.

మధ్యతరగతి కుటుంబం కంప్యూటర్ కొనడమంటే నెలల తరబడి కూడబెట్టిన సొమ్మును ఒక్కరోజున వెచ్చించడం. అక్కడ జరిగే పొరపాటును సరిదిద్దుకోవడం సులభం కాదు. అమ్మకందారుడు సాధారణంగా “ఏ ప్రాసెసర్ కావాలి?” అని అడుగుతాడు. కొనే వ్యక్తి అంతకుముందే “ఏ పనికి కావాలి?” అని తనను తాను ప్రశ్నించుకొని ఉండాలి.

విడిభాగాలతో కంప్యూటర్‌ను కూర్చుకొనే అవకాశానికి ఒక చరిత్ర ఉంది. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఇతర సంస్థలు తయారుచేసిన భాగాలను అందులో విరివిగా వాడి, దాని సాంకేతిక వివరాలను కూడా ప్రచురించింది. అందువల్ల దానికి సరిపోయే పరికరాలను పలువురు తయారుచేయగలిగారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే ప్రమాణాన్ని ప్రకటించింది. మదర్‌బోర్డు కొలతలు, మరల రంధ్రాల స్థానాలు, విద్యుత్తు అందే తీరు దానితో స్థిరపడ్డాయి. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్లలో వేర్వేరు సంస్థల భాగాలను కొని ఒకే పెట్టెలో అమర్చుకోగలగడానికి ఇటువంటి ప్రమాణాలే ఆధారం.

పాఠాలు వినడం, వ్యాసాలు రాయడం, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మాత్రమే ప్రయోజనమైతే ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ప్రాసెసర్‌లో అంతర్భాగంగా ఉండే గ్రాఫిక్స్ చాలును. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ సంఖ్య చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. ధర కొంత తక్కువని దానిని కొంటే తెరపై బొమ్మ రాదు. చివరకు వేరుగా కార్డు కొనక తప్పదు.

ప్రాసెసర్‌కు, మదర్‌బోర్డుకు, మెమరీకి పొంతన కుదరాలి. ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఏ.ఎం.డి. సంస్థ 2016లో తెచ్చిన ఏ.ఎం.4 సాకెట్‌కు చెందిన ప్రాసెసర్, 2022లో తెచ్చిన ఏ.ఎం.5 సాకెట్‌లో అమరదు. మొదటిది డి.డి.ఆర్.4 మెమరీని, రెండవది డి.డి.ఆర్.5 మెమరీని స్వీకరిస్తుంది. ఈ రెండు రకాల మెమరీ పలకలకు గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కనుక ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. మెమరీని రెండు సమాన పలకలుగా అమరిస్తే సమాచారం రెండు మార్గాల్లో ప్రవహిస్తుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఈ మెమరీనే పంచుకుంటుంది కాబట్టి అటువంటి కంప్యూటర్‌కు ఈ అమరిక మరింత మేలు చేస్తుంది.

బలమైన ఎద్దుకు బక్క ఎద్దును జోడు కడితే బండి బక్క ఎద్దు నడకనే నడుస్తుంది. ఖరీదైన ప్రాసెసర్‌కు హార్డ్ డిస్కును మాత్రమే జతచేయడం అటువంటిదే. హార్డ్ డిస్కులో పళ్లెం తిరగాలి, ముల్లు సమాచారమున్న చోటికి కదలాలి. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగాలు లేవు. అందుచేత ప్రాసెసర్ విషయంలో ఒక మెట్టు దిగి అయినా ఎస్.ఎస్.డి. కొనడం వివేకం. పాత హార్డ్ డిస్కు ఉంటే దానిని ఫోటోలు, పుస్తకాలు దాచుకోవడానికి వాడుకోవచ్చు.

మితవ్యయం పేరుతో ఎక్కువమంది అశ్రద్ధ చేసేది పవర్ సప్లైని. చవక పెట్టెతోపాటు వచ్చే పవర్ సప్లైపై రాసిన వాట్ల సంఖ్యను పూర్తిగా నమ్మలేము. వోల్టేజి హెచ్చుతగ్గులుండే చోట నాసిరకం పవర్ సప్లై తాను చెడిపోవడమే కాక ఇతర భాగాలను కూడా పాడుచేయవచ్చు. ‘80 ప్లస్’ అనే గుర్తు విద్యుత్తు వృథా కాకుండా పనిచేసే సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. కాబట్టి రక్షణ ఏర్పాట్లను, వారంటీ కాలాన్ని కూడా చూడాలి. ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గు, కరెంటు పోయినప్పుడు పనిని భద్రపరచుకొనే వ్యవధినిచ్చే యు.పి.ఎస్. కూడా అంచనాలో చేరాలి.

పొదుపుకు తగిన చోట్లు వేరే ఉన్నాయి. పెట్టెకు అలంకారాలు అక్కరలేదు. పరీక్షించి చూసిన పాత మానిటర్ పనికివస్తుంది. లినక్స్‌ను ఉచితంగా పొందవచ్చు. విండోస్ కావాలనుకొనేవారు మాత్రం ఒక సంగతి గుర్తించాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో అనేక పాత ప్రాసెసర్లకు చోటు లేదు. చవకగా దొరికిందని పాతదానిని కొనేముందు ఆ జాబితాను పరిశీలించాలి. విడిభాగాలలో ప్రతిదానికి వారంటీ విడివిడిగా ఉంటుంది కనుక రసీదులన్నింటినీ భద్రపరచాలి.

ప్రాచీన రాజనీతి రాజ్యానికి సప్తాంగాలను చెప్పింది. రాజు ఎంత సమర్థుడైనా కోశం, దుర్గం బలహీనమైతే రాజ్యం నిలవదు. కంప్యూటర్ కూర్పు కూడా అంతే. ప్రతి భాగాన్ని ఎందుకు ఎంచుకున్నాడో చెప్పగలిగిన విద్యార్థి, తల్లిదండ్రుల కష్టార్జితానికి తగిన విలువ ఇచ్చినవాడవుతాడు.

కఠిన పదాలు - అర్థాలు
పొంతన = పొత్తు కుదరడం, అనుగుణ్యత
మితవ్యయం = తగుమాత్రపు ఖర్చు
కోశం = ధనాగారం
దుర్గం = కోట
కష్టార్జితం = శ్రమించి సంపాదించినది

వ్యాకరణాంశాలు
కష్టార్జితం = కష్ట + ఆర్జితం - సవర్ణదీర్ఘ సంధి
సప్తాంగాలు = ఏడు సంఖ్య గల అంగాలు - ద్విగు సమాసం

ప్రశ్నలు
1. కంప్యూటర్ భాగాల మధ్య పొంతన ఎందుకు అవసరమో సోదాహరణంగా వివరించండి. (వ్యాసరూప ప్రశ్న)
2. పవర్ సప్లై ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలేవి? (సంగ్రహ ప్రశ్న)
3. ఎద్దుల జోడు ఉపమానంలోని ఆంతర్యమేమి? (సంగ్రహ ప్రశ్న)
4. ఏ.టి.ఎక్స్. ప్రమాణాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించారు? (ఏకవాక్య ప్రశ్న)