పోయింది మధ్య బాల్, కొనాల్సింది ఏది?

ప్రశ్న: ఆఫీసు వాళ్లతో కలిసి ప్రతి వారం బౌలింగ్ లీగ్ ఆడతాను. నా దగ్గర నాలుగు బాల్స్ ఉండేవి: బాగా హుక్ అయ్యే అసిమెట్రిక్ సాలిడ్, ఓ మోస్తరు సిమెట్రిక్ సాలిడ్, ఒక పెర్ల్, స్పేర్లకు ప్లాస్టిక్. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేస్తే ఆ మోస్తరు బాల్ బీటలు వారింది. దాని బదులు, కొత్తగా వచ్చిన ఇంకా ఎక్కువ హుక్ అయ్యే బాల్ కొనమని స్నేహితులు అంటున్నారు. కొననా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: వద్దండీ. హుక్ కోసం మీ దగ్గర ఇప్పటికే ఒక బాల్ ఉంది. అలాంటిదే ఇంకొకటి కొంటే రెండూ ఒకే పని చేస్తాయి, మధ్యలో ఖాళీ అలాగే మిగులుతుంది.

ఆ మోస్తరు బాల్‌ని బెంచ్‌మార్క్ అంటారు. లీగ్ రాత్రి మొదట తీయాల్సింది దాన్నే. ఫౌల్ లైన్ నుంచి ముందు పిన్ దాకా 60 అడుగులు. మామూలు లీగ్ లేన్‌లో సుమారు 40 అడుగుల దాకా ఆయిల్ ఉంటుంది, అదీ మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. అసిమెట్రిక్ సాలిడ్ ముందే పట్టు దొరకబుచ్చుకుంటుంది. పెర్ల్ జారుకుంటూ వెళ్లి, పొడి చోటు తగలగానే ఒక్కసారిగా తిరుగుతుంది. ఈ రెండిట్లో దేంతో మొదలుపెట్టినా, తప్పు మీ చేతిదా, లేన్‌దా అన్నది తేల్చుకోవడం కష్టం. సిమెట్రిక్ సాలిడ్ నిదానంగా, ఒకే తీరున వంపు తిరుగుతుంది. అది పాకెట్‌కి (ముందు పిన్‌కీ పక్క పిన్‌కీ మధ్య సందుకి) ముందే తిరిగిపోతే పెర్ల్ తీయండి, పాకెట్‌కి చేరకపోతే అసిమెట్రిక్ తీయండి. మిగతా బాల్స్‌ని ఎప్పుడు తీయాలో చెప్పే బాల్ అది. అందుకే దాన్ని వదులుకోవద్దంటున్నాను.

కొనేటప్పుడు ముందు కవర్‌స్టాక్ (బాల్ పైపొర) చూడండి, లోపలి కోర్ సంగతి ఆ తర్వాతే. కోర్ డిఫరెన్షియల్ (బాల్ ఎంత హుక్ కాగలదో సూచించే అంకె) సుమారు 0.040, 0.050 మధ్య ఉంటే మీకు చాలు (యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, అంటే యూఎస్‌బీసీ, నిబంధన ప్రకారం 0.060 మించకూడదు). స్టార్మ్ వారి ఫేజ్ టూ సిమెట్రిక్ సాలిడ్ కోవకు చెందినదే. మొదట్లో బాల్ ఉపరితలాన్ని 2000 గ్రిట్ దగ్గర ఉంచి ఆడండి. తేడా అనిపిస్తే ప్రో షాపులో ఆ గ్రిట్ మార్పించుకోవడం పెద్ద ఖర్చు కాదు. కోర్ అంకెలు బరువును బట్టి మారతాయి కాబట్టి, 15 పౌండ్లు ఆడేవారు 15 పౌండ్ల అంకెలే చూడాలి. బరువు మాత్రం మీ మిగతా బాల్స్‌కి సమానంగా ఉండాలి.

పాత బాల్ లేఅవుట్‌నే (రంధ్రాలు వేసిన తీరునే) మళ్లీ వేయమని అడగబోతున్నారేమో. దానికి వేళ్లు పెట్టే రంధ్రాలు కాక అదనంగా బ్యాలెన్స్ హోల్ ఉంటే అది ఇప్పుడు కుదరదు. యూఎస్‌బీసీ పోటీల్లో 2020 ఆగస్టు 1 నుంచి దాన్ని నిషేధించారు. డ్రిల్ చేసే వారికి మీ ఆట చూపించి, కొత్త లేఅవుట్ వేయించుకోండి. కొనే ముందు ఆ బాల్ ఆమోదిత జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఈసారి డిక్కీలో మాత్రం వదలకండి. ఎండకు కవర్, కోర్ ఒకే తీరున వ్యాకోచించవు, ఆ ఒత్తిడికే బీటలు వారతాయి.

ప్రశ్న: నాకు ఒకే ఒక రియాక్టివ్ (హుక్ అయ్యే) బాల్ ఉంది. రెండోది ఏది కొనాలి? కుడిచేతి వాటం.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ప్లాస్టిక్ బాల్ కొనండమ్మా. కుడి మూలన నిలబడే పదో పిన్‌కి రియాక్టివ్ వేస్తే, పొడి చోట పడ్డప్పుడల్లా ఎడమకు తిరిగి పిన్‌ను తప్పిస్తుంది. ప్లాస్టిక్ ఆయిల్‌ని అంతగా పట్టించుకోదు, దాదాపు తిన్నగా వెళుతుంది. రంగులు చూసి రెండో రియాక్టివ్ మీద మనసు పడినా, ముందు స్పేర్లు కూల్చడం నేర్చుకోండి. స్కోరు పెరిగేది అక్కడే.