కడుపునొప్పి ఏ తేదీన వచ్చినది?

గత సంవత్సరము పర్యటనలో మేమొక చేనేత గ్రామమునకు పోయినపుడు విన్న సంగతి ఇది. ఒక ఇంటి కోడలు ఆరేండ్లుగా కడుపునొప్పితో బాధపడుచుండెను. కొన్నాళ్లు విరేచనములు, కొన్నాళ్లు మలబద్ధకము, ఎప్పుడును ఉబ్బరము. వైద్యులు పరీక్షలు జరిపి, ఇది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అనగా ప్రేగులలో పుండుగాని గడ్డగాని కానరాకయే వాటి నడక తప్పు జబ్బు, అని మందులిచ్చిరి. ఆమె కారము మానెను, పాలు మానెను, మ్రొక్కులు చెల్లించెను. నొప్పి మాత్రము తగ్గలేదు. పనికి బద్ధకించి నటించుచున్నదని ఇంటివారే అనసాగిరి.

తుదకు ఆ వూరి ఆశా కార్యకర్త, "వదినా, ఆ నొప్పి నెలలో ఏ రోజుల్లో వస్తుంది?" అని అడిగెను. ముట్టుకు రెండు దినములు ముందుగా మొదలై, ముట్టు దినములలో మిక్కుటమగునని అప్పుడు తేలినది. అంతవరకు ఎవ్వరును అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. మామగారు ప్రక్కన నిలుచుండగా పురుష వైద్యుని యెదుట ఆ మాట ఎట్లు చెప్పగలదు? స్త్రీ వ్యాధుల నిపుణురాలు పరీక్షించిన పిమ్మట ఆమె వ్యాధి ఎండోమెట్రియాసిస్ అని నిర్ణయమైనది.

గర్భాశయపు లోపొరను బోలిన పొర గర్భాశయమునకు వెలుపల పెరుగుటయే ఈ వ్యాధి. అండాశయములపైన, గర్భాశయమునకు వెనుక, ఒక్కొక్కప్పుడు ప్రేగులపైనను మూత్రాశయముపైనను ఇది వ్యాపించును. నెలనెలా హార్మోనుల మార్పులకు ఇదియు లోనగుటచే అచ్చట వాపు పుట్టును. మచ్చలు కట్టి అవయవములు ఒకదానితో నొకటి అతుకుకొనును. సంతానము కలుగు వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి ఇది యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కన అట్టి వయస్సు స్త్రీలు 300 మంది గల గ్రామములో 30 మందికి ఉండవచ్చును.

పొరపాటు జరుగుటకు కారణము లేకపోలేదు. ప్రేగుల జబ్బును ఇదియేయని నిలువరించి చూపు ఒక్క పరీక్షయు లేదు. లక్షణములను బట్టియే నిర్ణయింతురు. ఆ లక్షణములన్నియు ఎండోమెట్రియాసిస్‌లోను ఉండగలవు. పెద్దప్రేగులోనికి గొట్టము పంపి చూచినను, ఈ పొర సాధారణముగా ప్రేగు వెలుపలి గోడను పట్టియుండును గనుక లోపలివైపు నిర్మలముగనే కనిపించును. సామాన్యమైన స్కానులోను కొన్ని పర్యాయములు చిక్కదు. కావున "స్కానులో ఏమియు లేదు" అన్నంత మాత్రమున వ్యాధి లేదని తలపరాదు. అయితే ప్రేగుల జబ్బు కూడ ముట్టు సమయమున హెచ్చవచ్చును, రెండును ఒకరికే ఉండవచ్చును. వాడుచున్న మందును తమంతట తాము మానివేయుట తగదు.

ముట్టు దినములలో మలవిసర్జనకో మూత్రవిసర్జనకో తీవ్రమైన నొప్పి, దాంపత్యమున నొప్పి, సంతానము కలుగకపోవుట—ఇవి కడుపునొప్పితో గూడియున్నచో స్త్రీ వ్యాధుల నిపుణులకు చూపవలెను. మలములో రక్తము పడినను, కారణము లేక బరువు తగ్గినను ఏ మాత్రము జాగు చేయరాదు.

వైద్యునకు మిక్కిలి తోడ్పడునది ప్రతి యింటి గోడనున్న క్యాలెండరే. ముట్టు దినములకు ఒక గుర్తు, నొప్పి దినములకు వేరొక గుర్తు, విరేచనమైన దినమునకు మరియొకటి పెట్టవలెను. అక్షరములు రానివారును చేయదగిన పని ఇది. రెండు మూడు నెలల గుర్తులను ఆసుపత్రికి తీసికొనిపోయినచో, నోరు విప్పి చెప్పలేని సంగతిని ఆ కాగితమే చెప్పును.

మరియొక విషయము సభ్యులు శ్రద్ధగా గమనింతురుగాక. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి మువ్వురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మంది. గర్భసంచిని తీసినను ప్రేగులపై పెరిగిన పొర అచ్చటనే యుండును, నొప్పి నిలువవచ్చును. నొప్పి మాత్రలు, హార్మోను మాత్రలు, అవసరమైనచో చిన్న రంధ్రముల ద్వారా ఆ పొరను తొలగించు శస్త్రచికిత్స కలవు. వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు లేదు, బాధను తగ్గించునవి ఉన్నవి. పెండ్లి చేసిన కుదురును, బిడ్డ పుట్టిన కుదురును అను మాటలు చికిత్స కావు. వాటిని నమ్మి ఎందరు బాలికల చదువులు ఆగినవో!

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశములో మహిళా సభ్యులు ఈ విషయమును ఎత్తవలెను. ఏళ్ల తరబడి గ్యాసు మందులు మ్రింగుచున్న స్త్రీలు వార్డులో ఎందరున్నారో ఆశా కార్యకర్త ఎరుగును. వారిని ఆసుపత్రికి పంపునపుడు తోడుగా ఒక స్త్రీ వెళ్లునట్లును, మగవారు గది వెలుపల నుండునట్లును ఏర్పాటు చేయుటకు పంచాయతీకి పైసా ఖర్చు లేదు.

ఆ నేత కుటుంబపు కోడలు ఇప్పుడు హార్మోను మాత్రలు వాడుచున్నది. నొప్పి పూర్తిగా పోలేదు. నెలకు ఆరు దినములు ఆగు మగ్గము ఇప్పుడు ఒక దినమే ఆగుచున్నదని మాతో చెప్పినది ఆమె అత్తగారే.