డ్యూటీ దిగాక బరువూ దించాలి

108 అంబులెన్స్ సేవ హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. బండి ఎన్ని నిమిషాల్లో చేరిందన్న లెక్క అప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. బండిలో వెళ్లిన ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), పైలట్ (డ్రైవర్) ఎలా తేరుకోవాలన్నది మాత్రం వాళ్లకే వదిలేశాం. పసిపిల్ల చనిపోయిన కేసు ఎంత గుండె ధైర్యమున్న మనిషినైనా కుదిపేస్తుంది. తేరుకోవడానికి ఒక వరుస ఉంది. దాన్ని పాటిస్తే దారి సులువవుతుంది.

1. బండి దగ్గరే మొదలుపెట్టండి

పేషెంట్‌ను క్యాజువాల్టీలో అప్పగించాక, వెంటనే ఇంకో కాల్ లేకపోతే స్ట్రెచర్‌ను ఇద్దరూ కలిసి శుభ్రం చేయండి. బెల్టు బకిల్ సందుల్లో ఎండిన రక్తం ఒక్క తుడుపుతో పోదు. క్రిమిసంహారక మందు కలిపిన నీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు వేసి ఉంచి రుద్దాలి. ఆ పని చేస్తుండగానే మాట బయటికొస్తుంది.

“అన్నా, ఇంకో రెండు నిమిషాలు ముందు చేరుంటే?” అని పైలట్ అడిగితే “ఊరుకో తమ్ముడూ” అని మాట మార్చకండి. “కాల్ ఎప్పుడొచ్చిందో, మనం ఎప్పుడు చేరామో కేస్ షీట్‌లో ఉంది, చూద్దాం రా” అనండి. తనను తాను తిట్టుకునే మనిషికి ఓదార్పుకన్నా ఆ టైములే ఎక్కువ సాయం చేస్తాయి.

చెప్పాలనిపించని వాళ్లను బలవంతపెట్టొద్దు. ఘటన జరగగానే అందరినీ కూర్చోబెట్టి ఉన్నదంతా కక్కించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది.

2. యూనిఫాం ఇంటిదాకా వద్దు

వీలుంటే స్టేషన్‌లోనే స్నానం చేసి బట్టలు మార్చుకోండి. ఇంట్లో వివరాలు చెప్పక్కర్లేదు, అలాగని పూర్తిగా దాచొద్దు. “ఇవాళ కేసు బాగోలేదు, కాసేపు ఊరికే కూర్చుంటా” అంటే చాలు. లేకపోతే మీ మౌనాన్ని ఇంట్లోవాళ్లు కోపమనుకుంటారు.

3. నిద్రను కాపాడుకోండి

నైట్ డ్యూటీ దిగేముందు ఆఖరి గంటల్లో టీ మానేయండి, దాని ప్రభావం చాలాసేపు ఉంటుంది. పగలు పడుకునే గదికి మందపాటి దుప్పటైనా కట్టి చీకటి చేయండి. మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది, కానీ సగం రాత్రికే చెదిరిపోతుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు.

4. మొదటి వారాల్లో గమనించండి

అదే దృశ్యం కళ్లముందు మెదలడం, సైరన్‌కి ఉలిక్కిపడటం, ఊరికే చిరాకు రావడం ఆ మొదటి వారాల్లో మామూలే. రోజూ కాసేపు నడవండి. గుండె దడగా ఉంటే గాలి పీల్చిన దానికన్నా నెమ్మదిగా, పొడవుగా వదలండి. ప్రమాదం జరిగిన రోడ్డును తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లడం అలవాటైతే భయం ముదురుతుంది. మొదటిసారి తోడు తీసుకుని ఆ దారిలోనే వెళ్లండి.

5. నెల దాటితే వైద్యుడి దగ్గరికి

ఈ లక్షణాలు నెల దాటినా తగ్గకుండా పనికీ, సంసారానికీ అడ్డొస్తుంటే అది పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) కావచ్చు. దానికి చికిత్స ఉంది. జ్ఞాపకాన్ని నిపుణుల సాయంతో క్రమంగా ఎదుర్కొనే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, కళ్ల కదలికల సాయంతో చేసే ఈఎండీఆర్ చాలామందికి పనిచేస్తాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నెల దాకా ఆగకండి, ఆ క్షణమే ఫోన్ చేయండి.

మనిషి మారిన సంగతి అతనికన్నా ముందు పక్క సీట్లో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. మీ జతగాడు తిండి మానేసినా, ప్రతి రాత్రీ తాగుతున్నా చూసీచూడనట్టు ఊరుకోకండి. “పద అన్నా, నేనూ వస్తా” అని ఓపీ దాకా వెంట వెళ్లండి.