ఉన్ని, పట్టు కలిసిన ఫెల్ట్ బట్ట

ప్రశ్న: స్థానికంగా దొరికే గొర్రె ఉన్నినీ పట్టునూ కలిపి, మగ్గం లేకుండా స్కార్ఫులు, సంచులు తయారుచేయవచ్చా? – ఒక పాఠకురాలు, లింగాల, కడప జిల్లా

జవాబు: సంచులు చేయవచ్చు, మెడకు చుట్టుకునే స్కార్ఫులకు మాత్రం వేరే ఉన్ని అవసరం. ఉన్ని పోగులను వేడినీటితో, సబ్బుతో, రాపిడితో ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా చేసిన బట్టను ఫెల్ట్ అంటారు. కాశ్మీరు నమ్దా తివాచీలు ఈ పద్ధతివే, కురుబల గొంగళి మాత్రం మగ్గంపై నేసినది. ఉన్ని పోగు మీది సూక్ష్మమైన పొలుసులు తడిలో విచ్చుకొని పరస్పరం పట్టుకోవడమే ఇందుకు మూలం కాగా, పట్టుకు పొలుసులు లేవు కాబట్టి ఉన్ని పోగులే దాని నేత సందుల్లోంచి దూరి బంధించాలి. అందువల్ల చిక్కగా నేసిన ధర్మవరం పట్టుచీర ముక్క కంటే పలుచని షిఫాన్ పట్టు ఎంతో మేలు.

అన్నిటికన్నా ముఖ్యం గొర్రెజాతి. నెల్లూరు జాతి ఒంటిపై ఉన్నది ఉన్ని కాదు, వెంట్రుక. అది ఈ పనికి రాదు. దక్కనీ గొర్రె ముతక ఉన్ని ఒంటికి గుచ్చుకున్నా, సంచికి చక్కని గట్టిదనమిస్తుంది, పైగా దాని సహజమైన నలుపుకు రంగు అద్దకం అక్కరలేదు. స్కార్ఫుకు సుమారు 19 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మెరినో ఉన్ని తగినది; కుంచించుకుపోకుండా ముందే శుద్ధిచేసిన ఉన్ని కొనరాదు.

ఉన్నిని పలుచని పొరలుగా అడ్డంగా, నిలువుగా పరచి, వేడి సబ్బునీరు చల్లి, మొదట మెల్లగా రుద్ది, ఆపై చాపలో చుట్టి దొర్లించే కొద్దీ బట్ట దాదాపు మూడో వంతు కుంచించుకుపోతుంది కనుక, 40 సెంటీమీటర్ల సంచికి 60 సెంటీమీటర్ల పరపు వేయాలి.