పాలకూరలో దశాంశ బిందువు

పాలకూరలో ఇనుము చాలా ఎక్కువని మీరు వినే ఉంటారు. దాని గురించి ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. 19వ శతాబ్దంలో జర్మనీలో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు పాలకూరలోని ఇనుమును లెక్కకట్టి రాసేటప్పుడు దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు జరిగిందట! దాంతో ఉన్న ఇనుము పదింతలుగా కనిపించిందట. లోకమంతా ఆ అంకెనే నమ్మిందట.

కథ బాగుంది కదూ? మరి ఇది నిజమేనా?

ఈ కథకు పేరు తెచ్చినది 1981లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వచ్చిన ఒక వ్యాసం. రాసినవారు టి. జె. హాంబ్లిన్ అనే వైద్యుడు. ఈ సంగతి తనకు ఎక్కడ దొరికిందో ఆయన అందులో తెలుపలేదు. అయినా తరువాత ఎందరో ఆ వ్యాసాన్నే ఆధారంగా చూపి, కథను మళ్ళీ మళ్ళీ రాశారు.

మైక్ సటన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ కథకు మూలాన్ని వెదికారు. హాంబ్లిన్‌నే అడిగారు. ఎక్కడ చదివినదీ ఆయనకు గుర్తు లేదు! బిందువు జరిగిందనడానికి సాక్ష్యమేదీ దొరకలేదని 2010లో సటన్ ప్రకటించారు. ఒకరి తప్పును ఎత్తిచూపే కథకే ఆధారం లేదన్నమాట.

మూలం తెలిస్తే లాభమేమిటి? ఒక లెక్క చూడండి. 100 గ్రాముల పచ్చి పాలకూరలో ఇనుము సుమారు 3 మిల్లీగ్రాములు. ఆ ఆకులో దాదాపు 90 గ్రాములు నీరే. పూర్తిగా ఎండబెడితే 10 గ్రాములు మిగులుతుంది. నీరు పోయినా ఇనుము పోదు. కాబట్టి 100 గ్రాముల ఎండిన ఆకులో సుమారు 30 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రెండు అంకెలూ సరైనవే! కానీ ఎవరైనా '100 గ్రాములకు 30' అని మాత్రమే రాసి ఊరుకుంటే, అది పచ్చి ఆకు లెక్కో, ఎండిన ఆకు లెక్కో చదివేవారికి తెలియదు. ఏ పుస్తకంలో, ఏ పుటలో ఉందో కూడా రాస్తే, ఆ పుట తెరిచి చూసుకోవచ్చు.

అందుకే సైన్సు ప్రదర్శనకు చార్టు రాసేటప్పుడు ఈ పద్ధతి పాటించండి:

1. పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రచురించిన సంవత్సరం, పుట సంఖ్య రాయండి.

2. మీరు స్వయంగా తెరిచి చూసిన పుస్తకాన్నే ఆధారంగా చూపండి. అందులో మరో గ్రంథం మాట ఉంటే, "ఫలానా గ్రంథంలో ఇలా ఉందని ఈ పుస్తకం చెబుతోంది" అని ఉన్నదున్నట్లు రాయండి.

3. మీరే కొలిచినదైతే కొలిచిన తేదీ, పద్ధతి రాయండి.

ఇక ఒక పని. ఈ వ్యాసంలోని 90 గ్రాముల మాటను కూడా ఊరికే నమ్మకండి. పాలకూర ఆకులు 100 గ్రాములు తూచి, గలగలలాడే దాకా ఎండబెట్టి, మళ్ళీ తూచండి. ఎంత మిగిలింది? తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ అంకెకు మూలం మీరే!