ఇసుక దారిలో సొంత బండి: మారిటానియా ప్రయాణంపై మీ ప్రశ్నలు

ఐరోపాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు సొంత బండి మీద స్పెయిన్ దాకా వెళ్లి, అక్కడ ఓడెక్కి మొరాకోలో దిగి, అట్లాంటిక్ తీరం వెంట ఇంకా కిందికి పోదామని ఉత్సాహపడుతున్నారు. ఆ దారిలో మొదట తగిలే పశ్చిమాఫ్రికా దేశం మారిటానియా. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని మీదే. కాబట్టి జవాబులూ దానికే పరిమితం.

ప్రశ్న: మొరాకో దాటి మారిటానియాలోకి వెళ్లేచోట మందుపాతరలు ఉన్నాయంటున్నారు. నిజమేనా? సరిహద్దులో ఏయే కాగితాలు అడుగుతారు?
*– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మ్యూనిక్*

జవాబు: నిజమే. పశ్చిమ సహారా యుద్ధం నాటి పాతరలు అవి. గర్గరాత్ దగ్గర మొరాకో చెక్‌పోస్టుకూ మారిటానియా చెక్‌పోస్టుకూ మధ్య మూడు నాలుగు కిలోమీటర్ల జాగా 2020 దాకా ఎవరి చేతిలోనూ లేదు. అప్పట్లో వదిలేసిన కార్ల తుక్కు పేరుకుపోయి ఉన్న ఆ చోటుకు డ్రైవర్లు పెట్టుకున్న పేరు 'కందహార్'. ప్రమాదం దారి మీద లేదు, దారి పక్కన ఉంది. లారీలు పోయే దారిలోనే పోండి. ముందు లారీ ఆగితే దాని వెనకే ఆగండి. పక్కనుంచి దాటేద్దామని చూడొద్దు. కాలకృత్యాలకని కూడా దారి వదిలి నడవొద్దు.

మొరాకో వైపు పోలీసు ముద్ర, బండికి స్కానర్, కస్టమ్స్‌లో బండి బయటికి పోయినట్టు నమోదు. మారిటానియా వైపు ముందు జాండార్మ్‌లు పేర్లు రాసుకుంటారు. తర్వాత పోలీసుల దగ్గర వేలిముద్రలు, ఫొటో, వీసా. కస్టమ్స్‌లో బండికి 'పాసవాన్' అనే తాత్కాలిక అనుమతి కాగితం ఇస్తారు. చివరగా బీమా కొనుక్కోవాలి. 2025 నుంచి వీసాకు ముందే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుని వెళ్లాలి. మీది భారత పాస్‌పోర్టయితే తిరుగు ప్రయాణం సంగతి ఇప్పుడే చూసుకోండి. అదే దారిన వెనక్కి వచ్చేట్టయితే మొరాకోకు రెండోసారి ప్రవేశం ఉండాలి, మీ జర్మనీ నివాస అనుమతికి గడువు మిగిలి ఉండాలి.

పాసవాన్ చేతికి రాగానే కౌంటరు ముందు నిలబడే ఛాసిస్ నంబరు, గడువు తేదీ ఒక్కో అంకె చదవండి. అంకె తప్పు పడితే దేశం దాటేటప్పుడు ఆ బండి మీదేనని నిరూపించుకోవడం పెద్ద తంటా. డ్రోన్ ఇంట్లోనే వదలండి, మొరాకోలోనే లాగేసుకుంటారు. మందు సీసా అయితే అసలే వద్దు. మారిటానియాలో మద్యనిషేధం ఉంది.

ప్రశ్న: మా డీజిల్ ఎస్‌యూవీని ఇక్కడినుంచే ఓడలో పంపి పశ్చిమాఫ్రికాలో నడపాలని కోరిక. తెలంగాణ రిజిస్ట్రేషన్. సాధ్యమేనా?
*– ఒక వ్యాపారి, హైదరాబాద్*

జవాబు: సాధ్యమే గాని ముందు 'కార్నె' గురించి తెలుసుకోండి. బండిని పరాయి దేశంలో అమ్మకుండా వెనక్కి తెస్తానని హామీ ఇచ్చే పుస్తకం అది. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ లాంటి సంఘాలు ఇస్తాయి. బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. గడువు ఏడాది. ఒక్కో పేజీలో మూడు భాగాలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు ఒక ముక్క, బయటికి వచ్చేటప్పుడు ఒక ముక్క కస్టమ్స్ వాళ్లు చించుకుంటారు. మూడోది ముద్రలతో మీ పుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ మూడో దాని మీద బయటికి వచ్చిన ముద్ర పడలేదంటే మీ గ్యారంటీ చిక్కులో పడ్డట్టే. మొరాకో, మారిటానియాల్లో కార్నెతో పనిలేదు. సెనెగల్లో ఉంటే మేలు. మన దేశానికి బండి తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం అది ఉండాల్సిందే. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు. దానికీ ఏడాదే గడువు.

అసలు చిక్కు డీజిల్‌తో. 2020 ఏప్రిల్ నుంచి మనం వాడుతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు పది మించదు. అక్కడి డీజిల్‌లో ఎన్నో రెట్లు ఎక్కువ. కొత్త బండి పొగగొట్టంలోని మసి ఫిల్టరు దాన్ని తట్టుకోలేక పూడుకుపోతుంది. ఇంజిన్ దీపం వెలిగి, బండి ఈడ్చుకుంటూ పోతుంది. పొగను శుద్ధిచేసే యాడ్‌బ్లూ ద్రవం కూడా ఊరూరా దొరకదు. అక్కడి జనం పాత టయోటా హైలక్స్‌లు, పాత మెర్సిడెస్ 190లు నడపడానికి కారణం అదే. సుత్తీ రెంచీ ఉన్న మెకానిక్ ఎవరైనా వాటిని బాగుచేస్తాడు. కొత్త బండే తీసుకెళ్తానంటే డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టర్లు అదనంగా పెట్టుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా వీచే హర్మట్టన్ గాలి దుమ్ముకు ఎయిర్ ఫిల్టరు తొందరగా మూసుకుపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్ నుంచి కారులో ఆ దేశం వెళ్తానంటున్నాడు. టీవీలో ఆఫ్రికా గొడవలు చూస్తుంటే గుండె దడగా ఉంది. ఎలా ఆపను?
*– ఒక తల్లి, గుంటూరు*

జవాబు: అమ్మా, మీ భయానికి కారణం లేకపోలేదు. 2007 డిసెంబరులో ఆలెగ్ దగ్గర నలుగురు ఫ్రెంచి యాత్రికులను చంపారు. దాంతో 2008 డకార్ ర్యాలీ రేపనగా ఈరోజు రద్దయింది. మరుసటి ఏడు ఆ పోటీ దక్షిణ అమెరికాకే తరలిపోయింది. అయితే 2011 తర్వాత మారిటానియాలో పెద్ద ఉగ్రదాడి జరగలేదు. తూర్పున మాలీ సరిహద్దు వైపు మాత్రం పోకూడదు. అబ్బాయి దగ్గర ఆ ఒక్క మాట తీసుకోండి. ఆపడం కన్నా అదే ఉపయోగం.

రెండో మాట, చీకటి పడ్డాక బండి నడపనని చెప్పించుకోండి. అక్కడ తుపాకీ కన్నా ఒంటె ప్రమాదం. రోడ్డు మీద నిలబడ్డ ఒంటెకు కారు తగిలితే దాని కాళ్లు విరిగి, ఒళ్లంతా అద్దం మీద పడుతుంది. మూడోది యెల్లో ఫీవర్ టీకా. వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఆపైన జీవితాంతం పనికొస్తుంది. ఆ కార్డు లేకుండా యెల్లో ఫీవర్ ముప్పున్న దేశాల నుంచి నేరుగా మన దేశంలో దిగితే ఆరు రోజుల దాకా వేరుగా ఉంచే నిబంధన ఉంది. అక్కడినుంచి మిమ్మల్ని చూడ్డానికి వచ్చేవాడు విమానాశ్రయంలో ఆగిపోకూడదు కదా! రాజధాని నువాక్‌షోట్‌లో మన రాయబార కార్యాలయం ఉంది. ఆ నంబరు మీ దగ్గరా రాసిపెట్టుకోండి. ఎడారిలో ఫోను అందదు. ఒక పూట మాట్లాడకపోతే కంగారు పడకండి.

ప్రశ్న: దారిపొడుగునా పోలీసులు ఆపుతారట. లంచం ఇవ్వాల్సి వస్తుందా? డబ్బు లెక్క కూడా గందరగోళమని విన్నాం.
*– ఒక జంట, ఆమ్‌స్టర్‌డామ్*

జవాబు: ఆపుతారు, చాలాసార్లు ఆపుతారు. ఆపింది మీ వివరాలు రాసుకోవడానికే. దీనికి అక్కడ తిరిగేవాళ్లంతా వాడే ఉపాయం 'ఫీష్'. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, వృత్తి, బండి రకం, రంగు, నంబరు, ఎక్కడినుంచి ఎక్కడికి అన్నవన్నీ ఫ్రెంచిలో ఒక కాగితం మీద టైపు చేసి కట్టగా జిరాక్సు తీయించుకోండి. కిటికీ దించి, "సలాం అలైకుం" అని, ఒక కాగితం చేతికిస్తే చాలు. జవాను అద్దాలు సవరించుకుని ఒక్కో అక్షరం చిట్టాలోకి ఎక్కించే శ్రమ తప్పుతుంది. మీకూ చాలాచోట్ల నిమిషంలో దారి వదులుతారు. ముప్పై నలభై కాగితాలైనా పెట్టుకోండి. అయిపోయాక నువాక్‌షోట్‌లో మళ్లీ తీయించుకోవచ్చు.

"కదో" అని అడిగేవాళ్లు ఉంటారు. బహుమతి అన్నమాట. నవ్వి, లేదని చెప్పి, ఎదురు చూడండి. మనం తొందరలో ఉన్నామని కనిపెట్టినచోటే ఆ మాట మళ్లీ వినపడుతుంది. ఇంజిన్ ఆపేసి సీట్లో వెనక్కి వాలితే సగం బేరం అక్కడే ముగుస్తుంది. నిజంగా తప్పుచేసి జరిమానా పడితే రసీదు అడగండి.

డబ్బు సంగతి: అక్కడి కరెన్సీ ఉగియా. 2018 జనవరి 1న పాత పది ఉగియాలను కొత్త ఒకటి చేశారు. జనం నోట మాత్రం పాత లెక్కే ఇంకా వినపడుతుంది. రెండు వందలన్నవాడు ఇరవై అడుగుతున్నాడేమో. ఇచ్చేముందు "పాతా? కొత్తా?" అని తప్పకుండా అడగండి.

ప్రశ్న: వారాంతాల్లో ఇక్కడి ఇసుక తిన్నెల మీద ఫోర్‌వీల్ నడపడం అలవాటే. షింగెట్టి నుంచి వాడాన్‌కు ఇసుకలోంచి వెళ్లొచ్చా?
*– ఒక ఇంజినీరు, దోహా*

జవాబు: మీ చేతికి అలవాటుంది, సంతోషం. తేడా ఏమిటంటే అక్కడ కూరుకుపోతే లాగడానికి వెనక నాలుగు బండ్లు ఉండవు. ఇంకో బండి తోడు లేకుండా, దారి తెలిసిన స్థానికుడిని పక్కన కూర్చోబెట్టుకోకుండా పోకండి. ఆ రెండు ఊళ్లూ పాత కారవాన్ పట్టణాలు, 1996లో యునెస్కో జాబితాకెక్కాయి. షింగెట్టిలో ఇళ్ల మధ్య గ్రంథాలయాల్లో తరతరాల చేతిరాత పుస్తకాలున్నాయి. వాడాన్ దాటితే ఆకాశం నుంచి కన్నులా కనపడే రిషాత్ వలయం, సుమారు 40 కిలోమీటర్ల అడ్డం.

ఇసుకలో దిగేముందు టైరు గాలి 15–18 పీఎస్ఐకి దించండి. ఆగాలంటే బ్రేకు తొక్కొద్దు, వాలు కిందికి ముఖం పెట్టి బండిని దానంతట అదే ఆగనివ్వండి. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే ఆ క్షణమే యాక్సిలరేటర్ వదిలేయండి. ఇంకో రెండు సెకన్లు తొక్కితే ఇరుసు దాకా దిగిపోతుంది. పారతో టైర్ల ముందూ బండి కిందా ఇసుక తీసి, మీ చాళ్ల మీదుగానే వెనక్కి రండి. తారు రోడ్డెక్కే ముందు గాలి నింపడం మరవొద్దు. మెత్తటి టైరుతో వేగంగా పోతే వేడెక్కి పేలుతుంది. మధ్యాహ్నం ఇసుక వదులుగా ఉంటుంది, పొద్దున్నే బయల్దేరండి.

ప్రశ్న: మాది కుడివైపు స్టీరింగ్ బండి. ఇబ్బందా? పూర్తి శాకాహారులం కూడా.
*– ఒక కుటుంబం, బర్మింగ్‌హామ్*

జవాబు: అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి. మీ స్టీరింగ్ ఉన్నవైపు నుంచి లారీ దాటడం కష్టం. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చూసి చెబితేనే దాటండి, లేకపోతే వెనకే పోండి. ఉత్తర సరిహద్దుకు దగ్గర్లోని నువాధిబు నుంచి నువాక్‌షోట్ దాకా సుమారు 470 కిలోమీటర్లు. ఈ తారు రోడ్డు పూర్తయింది 2005 ప్రాంతంలోనే. అంతకు ముందు ఆటుపోట్లు చూసుకుని సముద్రపు ఒడ్డు తడి ఇసుక మీద నడిపేవాళ్లు. రోడ్డు బాగుంది కదా అని వేగం పెంచకండి. గాలికి ఇసుక నాలుకలు రోడ్డుకు అడ్డంగా పాకి ఉంటాయి. మధ్యలో బంకులున్నా నిల్వ ఉంటుందన్న భరోసా లేదు. ట్యాంకు సగమయ్యాక బంకు కనపడితే నింపేయండి.

తిండికి బ్రెడ్డు, ఖర్జూరం, పెరుగు, కూరగాయలు పట్టణాల్లో దొరుకుతాయి. హోటల్లో అన్నం మీద మాంసమో చేపో వచ్చేస్తుంది. చిన్న స్టవ్వు, పచ్చళ్లు, పప్పులు తీసుకెళ్లండి. బియ్యం మోయక్కర్లేదు. మన కాకినాడ రేవు నుంచి పశ్చిమాఫ్రికాకు ఓడల్లో పోయే సరుకే బియ్యం!

ప్రశ్న: సెనెగల్‌లోకి రోసో దగ్గర దాటాలా, డియామా దగ్గరా?
*– ఒక పరిశోధక విద్యార్థి, లియోన్*

జవాబు: వానలు లేని రోజులైతే డియామా. రోసోలో పంటు మీద నది దాటాలి. "నేను చేయిస్తా, పాస్‌పోర్టు ఇటివ్వండి" అంటూ దళారులు చుట్టుముడతారు. కాగితాలు యూనిఫాం వేసుకున్నవాడి చేతికి తప్ప ఎవరికీ ఇవ్వకండి. డియామాలో 1986లో కట్టిన ఆనకట్ట మీదుగానే దాటొచ్చు. దాని దారి జావ్లింగ్ పార్కు గుండా పోయే మట్టి రోడ్డు. పెలికాన్లు, అడవిపందులు కనపడతాయి. వానలు పడ్డాక మాత్రం ఆ రోడ్డు బురద. మారిటానియా బీమా సెనెగల్లో చెల్లదు. అక్కడ 'బ్రౌన్ కార్డు' అడిగి తీసుకుంటే ముందున్న చాలా దేశాలకు పనికొస్తుంది.

ప్రశ్న: మారిటానియా దాటడానికి రెండు రోజులు చాలా?
*– ఒక పాఠకుడు, మాడ్రిడ్*

జవాబు: కిలోమీటర్లకు చాలు, మీకు చాలదు. రెండు రోజుల లెక్క వేసుకున్నవాడే సరిహద్దులో దళారికి డబ్బిస్తాడు, చీకట్లో బండి తోలతాడు, టైరు గాలి తీయకుండా ఇసుకలో దిగుతాడు. పైన రాసిన ఇబ్బందుల్లో సగానికి మూలం ఎడారి కాదు, తొందర. వారం పెట్టుకోండి. అందులో ఒకటి రెండు రోజులు ఏ పనీ రాసుకోకుండా ఖాళీగా వదలండి. తిరుగు ఓడ టికెట్టు తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి.

వచ్చేసారి సెనెగల్, గాంబియా రోడ్ల గురించి. ప్రశ్నతోపాటు మీ బండి మోడలు, పాస్‌పోర్టు ఏ దేశానిదో తప్పక రాయండి. అవి తెలియకుండా సరైన జవాబు చెప్పలేం.